అయిదాకుల ఇల్లు

శేషారత్నానికి సొంత ఇల్లు కావాలనే కోరిక ఒక మేకు దగ్గర పుట్టింది.

గుంటూరు బ్రాడీపేటలో పున్నారావు గారింటి కింది వాటాలో అద్దెకు దిగిన రోజునే ఆమె ట్రంకుపెట్టెలోంచి వాళ్ళ నాన్న ఫోటో తీసి, హాల్లో గోడకు మేకు కొట్టబోయింది. సుత్తి దెబ్బ ఒక్కటి పడిందో లేదో, పై వాటాలోంచి పున్నారావు గారు పంచె ఎగ్గట్టుకుని దిగివచ్చారు. "అమ్మాయ్! ఆ మేకు గోడకి గాదు, నా గుండెల్లో దిగబడతంది" అన్నారు. ఫోటో మళ్ళీ పెట్టెలోకి పోయింది. ఆ తర్వాత మేకుకు తోడు మరికొన్ని నిషేధాలు చేరాయి. రోట్లో పచ్చడి నూరితే పునాది అదురుతుందట, నూరకూడదు. ఎండుచేపలు వేయిస్తే పైన వాళ్ళావిడకు తలనొప్పట, వేయించకూడదు. ఇంగువ పోపు పెట్టుకోవచ్చు గాని, పెట్టినప్పుడల్లా పైనుంచి ఆయన ఒక తుమ్ము తుమ్మి, ఆ తుమ్ము చివర ఏదో ఒక మాట విసిరేవారు.

కూతురు చంద్రిక బడిలో చేరిన ఏడాది దిగిన వాటా అది. ఆ పిల్ల ఇంటరు కూడా దాటి కాకినాడలో హాస్టలుకు వెళ్ళిపోయింది. మేకు మాత్రం గోడలోకి వెళ్ళలేదు.

శేషారత్నం తండ్రి తెనాలిలో చిన్న కాఫీ హోటలు నడిపిన మనిషి. హోటలు మూసేసిన రోజు, ఏళ్ళ తరబడి పాలు కాచిన ఇత్తడి గిన్నె తెచ్చి కూతురి చేతిలో పెట్టి, "సొంతింట్లో పాలు ఇందులో పొంగించుకో తల్లీ, నేనొచ్చి కాఫీ కలుపుతా" అన్నాడు. ఆ కాఫీ కలపకుండానే ఆయన పోయాడు. గిన్నెను ఆమె ఏటా చింతపండుతో తోమి, తుడిచి, ఫోటో పక్కన దాచేది. సొంతింటి పొయ్యి మీద తప్ప దాన్ని మరెక్కడా పెట్టనని ఒట్టు పెట్టుకుంది. అద్దె ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మొగుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది ఈ ఒక్క సంగతి గురించే.

మొగుడి పేరు కోటిలింగం. మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో గుమస్తా. బస్తాల మీద రకం ముద్ర వేయించడం ఆయన ఉద్యోగం, ముద్ర పడ్డ సరుకు మంచిదని నమ్మడం ఆయన స్వభావం. అలాంటి మనిషి ఊరి చివర కొత్తగా లేచిన 'మలయమారుతం' అపార్ట్‌మెంట్లు చూడబోతే ఏమవుతుంది? అక్కడ గేటు మీదే నాలుగు పచ్చటి ఆకుల ముద్ర ఉంది.

"సార్, మిగతావాళ్ళంతా గోడలమ్ముతారు. మేం గోడల మధ్యనున్న గాలి అమ్ముతాం" అన్నాడు అమ్మకాల కుర్రాడు. వాసన లేని రంగులు, రెండు పొరల అద్దాల కిటికీలు, గాలిని వడగట్టే యంత్రం అన్నీ చూపించాడు. హరిత గృహ వాయు ప్రమాణ మండలి అనే సంస్థ ఇళ్ళలో గాలిని కొలిచి ఆకులు ఇస్తుందనీ, ఈ భవనానికి నాలుగు వచ్చాయనీ, అయిదోది దారిలో ఉందనీ చెప్పాడు. కోటిలింగం ఆ ఆకుల వంక చూసిన చూపు, పెళ్ళిచూపుల్లో కూడా తన వంక చూడలేదని శేషారత్నానికి గట్టిగా గుర్తు. అయినా ఆమె కొనడానికి ఒప్పుకుంది. వంటగది పెద్దది. హాల్లో గోడలు నున్నగా, ఖాళీగా, మేకుల కోసమే కట్టినట్టు ఉన్నాయి.

గృహప్రవేశం నాడు తెల్లవారకముందే ఆమె తలంటుకుని, ఇత్తడి గిన్నె కొంగు కింద పెట్టుకుని వచ్చింది. గుమ్మం దగ్గర మూడో అంతస్తు వాళ్ళంతా నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడు విద్యాసాగర్ గారు ఉన్నారు. తూనికలు కొలతల కొలువులో పదవీ విరమణ చేసిన మనిషి. జీవితమంతా ఇతరుల రాళ్ళు తూచిన ఆయనకు ఇంట్లో కూర్చున్నాక తూచడానికేమీ దొరకలేదు. ఆ లోటు ఇప్పుడు గాలి తీర్చింది.

హాల్లో గోడకు ఒక చిన్న తెల్లపెట్టె బిగించి ఉంది. దానికి పచ్చ, పసుపు, ఎరుపు దీపాలు. "ఇది గాలిపెట్టె. పచ్చదీపం ఉన్నంతసేపు మీరు మాకు బంధువులు. ఎర్రదీపం వెలిగితే భవనం మొత్తానికి ఒక ఆకు రాలిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి గృహాంతర్భాగంలో దహనక్రియ నిషిద్ధం" అన్నారు విద్యాసాగర్ గారు.

"దహనమేందండీ, శుభమా అని ఇంట్లోకొస్తంటే! పాలు పొంగించుకోవాల" అంది శేషారత్నం.

"పొంగించుకోండమ్మా. సంప్రదాయాల పట్ల సంఘానికి అపారమైన గౌరవం ఉంది. కాచకుండా పొంగించుకోండి."

"కాచకుండా ఎట్టా పొంగుతయ్యండీ?"

"అది సాంకేతికమైన ప్రశ్న. దానికి ఆమోదిత విధానం ఉంది" అని ఆయన ఒక స్టీలు గిన్నె, నాలుగు పాల ప్యాకెట్లు తెప్పించారు. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలను గిన్నె అంచు దాటేదాకా పోయడమే ఆ విధానం. పురోహితుడు సోమయాజులు గారు కొంచెంసేపు బుర్ర గోక్కున్నారు. ఆయనకు అదే ఉదయం ఇంకో రెండు గృహప్రవేశాలున్నాయి. చివరికి "పొంగు ప్రధానం, వేడి గౌణం. కానివ్వండి" అన్నారు. హోమం గేటు బయట రోడ్డు వార జరిగింది. రోడ్డు మీద లారీల పొగకు, పక్కన తగలబడుతున్న చెత్తకు తోడు అదీ పోయి కలిసింది. బయటి గాలి సంఘం పరిధిలోకి రాదు గనక ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

చల్లటి పాలు కొత్త గ్రానైటు మీద కారి, నేల మీద చుక్కలు చుక్కలుగా పడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు. శేషారత్నం కొట్టలేదు.

"ఇయ్యి పొంగిన పాలు గాదు, ఒలికిన పాలు" అని మొగుడి చెవిలో అంది. ఇత్తడి గిన్నె కొంగు కిందనుంచి బయటికి రాకుండానే అల్మారాలోకి వెళ్ళింది.

మర్నాడు పొద్దున ఆమె పప్పులోకి పోపు పెట్టింది. ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిర్చి నల్లబడింది, ఇంగువ పడింది. హాల్లో ఎర్రదీపం వెలిగి, అంబులెన్సు కూత లాంటి కూత మొదలైంది. ఆమె గరిటె దించేలోపల తలుపు కింది నుంచి ఒక కాగితం లోపలికి జారింది. 'ఫ్లాటు నంబరు 304 వారికి తెలియజేయునదేమనగా, నేటి ఉదయము మీ వంటగది యందు ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ అను పదార్థములు ఏకకాలమున నూనెలో ప్రవేశపెట్టబడి వాయు సంఘటన సంభవించినది. మొదటి సంఘటన అగుటచేత మందలించి వదిలివేయడమైనది.'

ఆ సాయంత్రం సంఘం సమావేశమైంది. నిప్పు మొత్తానికే మానితే తిండి ఉండదు గనక వంటలన్నిటినీ కూర్చోబెట్టి విడదీశారు. ఇడ్లీ, పెరుగన్నం, ఉడకబెట్టిన కూరలు శాంతియుత ఆహారాలు. వేపుళ్ళు, పోపులు, ఎండుచేపలు ఉద్రిక్త ఆహారాలు. గోంగూర దగ్గర పెద్ద చర్చ జరిగింది. ఉడికినంతవరకు అది శాంతియుతమేననీ, పోపు పడ్డాకే చెడిపోతోందనీ తేల్చి, ఉడికిన గోంగూరకు మాత్రం అనుమతి ఇచ్చారు. పొంగే పాలు, సాంబ్రాణి, అగరొత్తులు, ముఖానికి పౌడరు కూడా నిషేధాల వరసలోకే పోయాయి. పోపు తప్పదనుకున్నవాళ్ళు గేటు బయట వేసుకుని, చల్లారాక మూత పెట్టి తెచ్చుకోవచ్చని ఒక వెసులుబాటు ఇచ్చారు.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే మలయమారుతం ఆడవాళ్ళంతా చిన్న గ్యాసు పొయ్యిలు పట్టుకుని రోడ్డు వార బారులు తీరేవారు. లారీ డ్రైవర్లు ఆపి, "అక్కా, రెండు ప్లేట్లు ఇడ్లీ" అని అడిగేవారు. రెండో అంతస్తు సీతామహలక్ష్మి గారు మొదట్లో కాదు కాదని చెప్పి, తర్వాత ఇవ్వడం మొదలుపెట్టారు.

"సొంత వంటిల్లు కొనుక్కుని రోడ్డున పడి వండుకుంటన్నాం. ఎవురికన్నా చెప్తే నవ్విపోతారు" అంది శేషారత్నం.

"ఆకు కోసమేగా. ఆ ఒక్కటి వచ్చిందాకా ఓపిక పట్టు" అన్నాడు కోటిలింగం. ఆయన అప్పటికే సంఘంలో సభ్యుడు. గాలి ఉపసంఘానికి కార్యదర్శి కూడా.

ఇంత చేసినా తెల్లవారేసరికి దీపం పసుపుకు తిరిగి ఉండేది. పోపు లేదు, పౌడరు లేదు, మరి ఏమిటి? సంఘానికి దిక్కు తోచక మండలి నుంచి వాయు పరిశీలకుణ్ణి పిలిపించారు. డాక్టర్ సురేంద్రనాథ్ గారు తెల్లబట్టల్లో, చేతిలో ఒక మీటరుతో వచ్చారు. కాళ్ళకు గుడ్డ తొడుగులు వేసుకుని 304లో అడుగుపెట్టి, గది గదికీ తిరిగి, మంచం పక్కన ఆగారు. మీటరు వైపు చూశారు. ఆలుమగల వైపు చూశారు.

"ఈ గృహంలో నిరంతరాయంగా శ్వాసక్రియ జరుగుతున్నట్టు ఆధారాలు కనిపిస్తున్నాయి" అన్నారు.

కోటిలింగం తల దించుకున్నాడు. "మేవేనండీ" అన్నాడు.

"ఎంతకాలంగా?"

"వచ్చిన కాడ్నించీనండీ."

"ముఖ్యంగా రాత్రివేళల్లో, తలుపులు బిగించుకుని?"

"అవునండీ" అన్నాడు, పోలీసు స్టేషనులో ఒప్పుకున్నట్టు.

శేషారత్నానికి ఒళ్ళు మండింది. "ఊపిరి పీల్చకుండా ఎట్టా ఉంటామండీ? కిటికీ తీస్తే పోద్ది గదా?" అంది.

"పీల్చడానికి మండలి వ్యతిరేకం కాదమ్మా. వదలడం దగ్గరే సమస్య" అన్నారు డాక్టరు గారు. "కిటికీ తీస్తే బయటిగాలి లోపలికి వస్తుంది. అది ప్రమాణాలకు లోబడిన గాలి కాదు."

"పోనీ ఆ వడగట్టే మిషనన్నా ఎయ్యండి."

"వేస్తే కరెంటు ఖర్చు పెరుగుతుంది. కరెంటు పొదుపు కింద వచ్చిన రెండో ఆకు రాలుతుంది. అందుకే దాన్ని బిగించాం గాని, నడపం" అన్నారు విద్యాసాగర్ గారు.

డాక్టరు గారు బాల్కనీలో తులసికుండీ చూసి ఉలిక్కిపడ్డారు. మొక్కలు కూడా రాత్రిళ్ళు మనుషుల్లాగే ఊపిరి వదులుతాయని, దాన్ని తక్షణం తీయించాలని రాసుకున్నారు. "హరిత గృహమంటిరి, పచ్చటి మొక్క ఉండగూడదా?" అని ఆమె అడిగింది. "హరితం అనేది ఒక ప్రమాణం తల్లీ, రంగు కాదు" అని ఆయన జాలిగా చెప్పారు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ గాలిపెట్టెలో పసుపు దీపం ముదురుతూ వచ్చి, ఆయన గుమ్మం దాటాక గాని తేలికపడలేదు. ఆ సంగతి ఆయన నివేదికలో చేరలేదు.

నివేదికలో 'ప్రధాన కాలుష్య కారకము: నివాసి' అని ఉంది. దాన్ని సంఘం శిరసావహించింది. పడకగదికి ఇన్ని ఊపిర్లని వాటా వేశారు. బిగ్గరగా నవ్వడం, పాడటం, మెట్లెక్కి వచ్చిన వెంటనే ఇంట్లోకి దూరడం తగదన్నారు. పొద్దున్నే యోగా చేసుకునే రిటైర్డు మాస్టారు ఒకాయన ప్రాణాయామంలో పీల్చడం ఇంట్లో కానిచ్చి, వదలడానికి వరండాలోకి పరిగెత్తేవాడు. మొగుడూపెళ్ళాల తగాదాలు మాత్రం గంటకు వంద ఊపిర్లు మింగేస్తున్నాయని తేలింది. వాటిని నిషేధించడం మానవహక్కులకు భంగమని లాయరు గారొకరు లేవడంతో, 'దంపతుల మధ్య వాగ్వాదములు లిఫ్టు యందు జరుపుకొనవలెను' అని తీర్మానించారు. లిఫ్టు ఏ ఫ్లాటు కిందికీ రాదు, దానికి గాలిపెట్టె లేదు.

అప్పట్నుంచి లిఫ్టు ఖాళీగా దొరకడం కష్టమైపోయింది.

దసరా సెలవలకు చంద్రిక ఇంటికి వస్తానని ఫోను చేసింది. కొత్త ఇల్లు ఆ పిల్ల ఇంకా సరిగ్గా చూడనేలేదు. శేషారత్నం సంబరంగా కూతురికి ఇష్టమైనవన్నీ చేసి పెట్టాలనుకుంటుండగా, కోటిలింగం సంఘం దగ్గర్నుంచి వచ్చి చెప్పాడు. అతిథుల ఊపిరికి ముందుగా అనుమతి తీసుకోవాలట. వయసులో ఉన్న మనిషి గనక చంద్రిక ఊపిరి ఎక్కువ లెక్క కడతారట. పగలు ఇంట్లో ఉండొచ్చు, రాత్రి మాత్రం బయట ఎక్కడైనా చూసుకోవాలి.

శేషారత్నం చెప్పులేసుకుని లిఫ్టు దగ్గరికి నడిచింది. కోటిలింగం వెనకే వెళ్ళాడు. తలుపులు మూసుకున్నాయి.

"నా కూతురు నా ఇంట్లో పడుకోడానికి ఇంకోడి పర్మిషనేంది? సిగ్గు లేకుండా ఇనొచ్చావా నువ్వు?"

"అరవమాక శేషూ, రూలు అందరికీ..."

రెండో అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయి. బయట ఇంకో జంట ముఖాలు మాడ్చుకుని నిలబడి ఉంది. "అయిపోయిందాండీ?" అని ఆ భర్త అడిగాడు.

"ఇంకా లేదండీ. ఇంకో రౌండుంది" అన్నాడు కోటిలింగం మర్యాదగా. తలుపులు మూసుకున్నాయి.

"పున్నారావు గారు మేకు కొట్టనీలా, అంతే! పిల్లని రావద్దన్లా! అద్దె కొంపలో పక్క పరుచుకుని పదేళ్ళు నా పక్కన పడుకుంది. సొంతింట్లో దాన్ని రోడ్డు మీద పడుకోబెట్టమంటావా?"

"ఒక్క ఆకు, శేషూ. రాష్ట్రంలో ఎవురికీ లేదంట."

"నీ ఆకులు మడిచి..." అంటుండగా అయిదో అంతస్తు వచ్చింది. ఎవరో పెద్దావిడ కూరగాయల సంచితో ఎక్కి ఇద్దరి మధ్యా నిలబడింది. మిగతా వాక్యం శేషారత్నం నోట్లోనే ఉండిపోయింది. కింద దిగేసరికి ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి. చంద్రిక ఆ సెలవలకు రాలేదు. స్నేహితురాలి ఇంటికి అమలాపురం వెళ్ళింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే సంఘం కళ్ళు 501 మీద పడ్డాయి. ఆ ఫ్లాటు యజమానికి తాళాలు తీసుకున్న వారంలోనే అనంతపురం బదిలీ అయింది. ఇల్లు తాళం వేసి ఉంది. అందులో దీపం ఒక్క క్షణం కూడా పసుపుకు తిరగలేదు. డాక్టర్ సురేంద్రనాథ్ గారు స్వయంగా వచ్చి, తాళం వేసిన ఆ తలుపు ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ఇదీ ఆదర్శ నివాసం. ఈ నివాసిని చూసి మనమంతా నేర్చుకోవాలి" అన్నారు. ఆ తలుపుకు పూలదండ వేశారు. పూలు కూడా ఊపిరి వదులుతాయేమోనన్న అనుమానంతో మళ్ళీ తీసేసి, ప్లాస్టిక్ దండ వేశారు.

అక్కణ్ణుంచి దారి సులువైపోయింది. అయిదో ఆకు కొలత నెల రోజులు సాగుతుంది. ఆ నెల రోజులూ అందరూ ఇళ్ళకు తాళాలు వేసి వెళ్ళి 501 అయిపోతే? 'స్వచ్ఛంద వాయు విరామము' అనే తీర్మానం చప్పట్ల మధ్య నెగ్గింది. గాలి ఉపసంఘం కార్యదర్శిగా కోటిలింగమే దాన్ని చదివాడు.

"నెలే గదా" అన్నాడు ఇంటికొచ్చి.

శేషారత్నం ట్రంకుపెట్టె సర్దుకుంది.

బ్రాడీపేట వాటా ఇంకా ఖాళీగానే ఉంది. పున్నారావు గారి షరతులు విని దిగే ధైర్యం ఎవరికీ కలగలేదు. "నాకు తెల్సమ్మాయ్, వస్తావని" అన్నారాయన. గ్యాసు కనెక్షను కొత్తింటి చిరునామాకు మారిపోయింది, బండ ఇక్కడికి తేవడం కుదరదన్నారు. పున్నారావు గారింటి వెనక మూలన పడి ఉన్న పాత బొగ్గుల కుంపటి అడిగి తెచ్చుకుని ఆమె దాని మీదే వండటం మొదలుపెట్టింది. ఇత్తడి గిన్నె పెట్టెలోనే ఉంది. అది సొంతింటి పొయ్యికి రాసిపెట్టిన గిన్నె.

నెల తిరిగింది. మలయమారుతానికి అయిదో ఆకు వచ్చింది. బహూకరణ సభ గేటు ముందు రోడ్డు మీద షామియానా వేసి చేశారు, జనాన్ని లోపలికి రానిస్తే ఆకు ఉండదు గనక. జనరేటరు గుడగుడమంటూ నల్లటి పొగ కక్కుతోంది. పక్కన కట్టెల పొయ్యిల మీద బిర్యానీ ఉడుకుతోంది. వెయ్యివాలా టపాకాయలు కాల్చారు. పొగలో అతిథులు దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ స్వచ్ఛమైన గాలి గురించి మాట్లాడారు.

ఇంటి యజమానులు తమ తమ ఫ్లాట్లలో ఫోటో దిగడానికి ఒక్కొక్కరే, ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్ళిరావచ్చన్నారు. శేషారత్నం వంతు వచ్చింది. ఆమె చేతిసంచిలో ఇత్తడి గిన్నె, పాల ప్యాకెట్టు ఉన్నాయి. సభ అయిపోతోంది, ఆకు వచ్చేసింది, ఇక ఎవడు ఏమన్నా సరే, ఇవ్వాళ తన పొయ్యి మీద పాలు పొంగించి తీరాలనుకుంది.

వంటగదిలో పొయ్యి లేదు. బండ లేదు. గట్టు మీద పొయ్యి ఉండాల్సిన చోట ఒక ప్లాస్టిక్ తులసిమొక్క పెట్టి ఉంది. దాని కింద 'సంభావ్య ఉద్గార కేంద్రము తొలగించబడినది' అని చిన్న చీటీ. గాలిపెట్టెలో దీపం చక్కగా, పచ్చగా వెలుగుతోంది. ఆమె సంచిలోంచి తీయబోయిన గిన్నెను మళ్ళీ లోపలికి తోసింది. ఊపిరి బిగబట్టమని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఫోటోగ్రాఫరు "నవ్వండి మేడం, పళ్ళు కనపడకుండా" అన్నాడు.

బయటికి వచ్చాక వేదిక మీద కోటిలింగం దంపతులకు సర్టిఫికెట్ ఇచ్చారు. దళసరి అట్ట, దాని మీద అయిదు పచ్చటి ఆకులు, తగిలించుకోడానికి బంగారు రంగు తాడు. 'అత్యుత్తమ నివాస వాయువు' అని పెద్దక్షరాలు. రెండు మాటలు మాట్లాడమని మైకు ఆమె చేతికిచ్చారు.

"ఇంటికి ఎప్పుడు రావచ్చండీ?" అంది శేషారత్నం.

సభ నవ్వింది. డాక్టరు గారు మైకు సుతారంగా అందుకున్నారు. "మంచి ప్రశ్న. ఈ ధ్రువపత్రం మూడేళ్ళు చెల్లుతుంది, గాలిని కొలిచిన నాటి పరిస్థితులు యథాతథంగా కొనసాగితే. ఆ పరిస్థితుల్లో మీరు లేరు. కాబట్టి మీరు లేకపోవడాన్ని మీరే కొనసాగించాలి. ఇల్లు ఎప్పటికీ మీదేనమ్మా. దానిమీద మీ హక్కును మండలి ప్రశ్నించదు. లోపలి గాలి వరకే మా బాధ్యత" అన్నారు. చప్పట్లు మోగాయి. విద్యాసాగర్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. రేపట్నుంచి ఆయన ఎక్కడ పడుకోవాలో ఆయనకూ తెలియదు, తమ్ముడు ఇచ్చిన నెల గడువు ఇవాళ్టితో సరి. అయినా ఆయన మళ్ళీ చప్పట్లు అందుకున్నారు.

ఆటోలో కోటిలింగం సర్టిఫికెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపటి వరకు దాని వంక చూసి, తర్వాత బయటికి చూడటం మొదలుపెట్టాడు. "పిల్లని రమ్మని ఫోన్ చెయ్యనా?" అన్నాడు ఎంతకో. శేషారత్నం ఇత్తడి గిన్నె ఉన్న సంచిని ఒళ్ళోకి లాక్కుంది.

ఆటో దిగేటప్పుడు సర్టిఫికెట్ పున్నారావు గారి కంట పడింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చదివారు. "అత్యుత్తమ నివాస వాయువు! అట్టాంటోళ్ళు నా కింద వాటాలో ఉంటన్నారా!" అని గుమ్మం ముందే నిలబడి, దారిన పోయేవాళ్ళందరికీ చూపించారు. తర్వాత పైకి వెళ్ళి, సుత్తి, మేకు పట్టుకుని తానే దిగివచ్చారు. హాల్లో గోడ మధ్యన జాగా చూసి, ఠంగు ఠంగున నాలుగు దెబ్బలు వేశారు. ఇన్నేళ్ళుగా గుండెల్లో దిగబడుతుందన్న మేకు గోడలో ఇంచక్కా దిగింది. సర్టిఫికెట్ తానే తగిలించి, వెనక్కి నడిచి చూసుకుని, "ఇప్పుడు గోడకి కళొచ్చింది" అని పైకి వెళ్ళిపోయారు.

శేషారత్నం ఆ మేకు వైపు చాలాసేపు చూసింది. లేచి వెళ్ళి సర్టిఫికెట్ తీసింది. ట్రంకుపెట్టెలోంచి నాన్న ఫోటో తీసి కొంగుతో తుడిచి, ఆ మేకుకు తగిలించింది. కాఫీ హోటలు గల్లా పెట్టె వెనక కూర్చుని, చొక్కా పై గుండీ పెట్టుకోకుండా నవ్వుతున్న మనిషి. ఎన్నేళ్ళయిందో ఆయన గోడనెక్కి. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడ్చింది.

తర్వాత కుంపట్లో బొగ్గులు పోసి, నిప్పు చేసి, ఇత్తడి గిన్నె పెట్టింది. అందులో పాలు పోస్తుంటే కోటిలింగం గుమ్మంలోంచి చూశాడు.

"అది సొంతింట్లో గదా అన్నావు?" అన్నాడు నెమ్మదిగా.

"పొయ్యి ఎలిగించుకోనిచ్చేదే నా ఇల్లు. కాయితాల్లో ఎవురి పేరుంటే నాకేంది?" అంది.

బొగ్గులు రాజుకోవడం లేదు. విసనకర్ర కొత్తింట్లో ఉండిపోయింది. చేతికి అందే దూరంలో సర్టిఫికెట్ ఉంది, దళసరి అట్ట. ఆమె దాన్ని అందుకుని కుంపటికేసి విసరడం మొదలుపెట్టింది. కోటిలింగం నోరు తెరిచాడు గాని, పొగ పోయి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. దగ్గు తగ్గాక ఆయన గుండెల నిండా ఒక ఊపిరి పీల్చి, అంత పొడుగున వదిలాడు. ఏ దీపమూ వెలగలేదు. ఆయన వచ్చి పక్కన గొంతుక్కూర్చుని, "ఇటు మూలకి కూడా విసురు, ఆరిపోతంది" అన్నాడు.

బొగ్గులు ఎర్రబడ్డాయి. పాలు అంచుదాకా లేచి, ఒక్క క్షణం ఆగి, బుస్సున పొంగి నిప్పుల మీద పడ్డాయి. మాడిన పాల వాసనతో పొగ ఇల్లంతా నిండి, కిటికీలోంచి పై వాటాకు ఎక్కింది. పైన పున్నారావు గారి తుమ్ము గట్టిగా వినిపించింది. శేషారత్నం, ఆ తుమ్ము చివర రాబోయే మాట కోసం తల ఎత్తి కాచుకుంది.

"కాఫీ గాని కలుపుతన్నావా అమ్మాయ్?" అన్నారాయన పైనుంచి.

"కలుపుతన్నానండీ, రండి" అని కేకేసి, ఆమె మొదటి గ్లాసు తీసుకెళ్ళి ఫోటో కింద పెట్టింది.